ఒక్కమారు ఎత్తగల బరువు

ఒకప్పుడు వ్యాయామమనగా తాలింఖానాకు పోవలసినదే. ఊరి చివరనో, కోవెల వెనుకనో ఒక పాక, మెత్తగా జల్లించిన ఎర్రమన్ను, గోడకానించిన గదలు, తప్పు చేసినచో గదమాయించు గురువు: ఇదియే ఆనాటి సాధనశాల. నేడు పట్టణములలో అనేక గృహములందు ముందుగదిలోనో, డాబాపై రేకుల క్రిందనో వ్యాయామయంత్రములు వెలసినవి. నిలువు ఇనుపచట్రము, అందులో ఒకదానిపై నొకటి పేర్చిన ఇనుపబిళ్ళలు, వానిని లేపు తాడు, ఆ తాడు తిరుగు గిలకలు, కూర్చుండుటకు మెత్తని పీట: దాని స్వరూపమింతే. ఎన్ని బిళ్ళలు లేవవలెనో నిర్ణయించునది ఒక చిన్న చీల. దానిని ఏ రంధ్రమున గ్రుచ్చినచో, అంతవరకు గల బిళ్ళలన్నియు పైకి వచ్చును.

గురువు లేని ఆ గదిలో ఆ చీలయే గురువైనది. యంత్రము కొన్న కొలదిదినములకే ఇంటిలోని యువకునకు ఒక కోరిక పుట్టుట సహజము. చీలను అట్టడుగు రంధ్రమునకు దింపి, ఆ మొత్తము భారమును ఒక్కసారియైన లేపగలనేమో చూడవలెనని అతడు తహతహలాడును. కొందరు దానినే నిత్యవిధిగా చేసికొనుచున్నారు. పదిసార్లు, పదునైదుసార్లు ఎత్తుట మాని, మోయగలిగినంత భారమును ఒకే ఒక్కమారు ఎత్తి దింపి, అదియే సంపూర్ణ వ్యాయామమని తలచుచున్నారు. ఇందులో సత్యమెంత, ప్రమాదమెంత అనునది మేమిచట విచారింపదలచిన విషయము. మా అభిప్రాయమును ముందుగనే చెప్పెదము. ఒక్క ఎత్తు బలమునకు ఉత్తమమైన కొలత. సిద్ధపడిన దేహమునకు అది మంచి సాధన కూడ. కాని ఇంటిల్లిపాది కోరదగిన ఫలమును అంతకంటె తక్కువ బరువుతోనే, తక్కువ ప్రమాదముతో పొందవచ్చును.

ఒక్క ఎత్తు మన వారికి క్రొత్త కాదు. రాయలసీమ పల్లెలలో పండుగలకును తిరునాళ్ళకును రాతిగుండు ఎత్తు పందెములు, బండి ఇరుసు ఎత్తు పందెములు, ఇసుకమూట ఎత్తు పందెములు నేటికిని జరుగుచున్నవి. గుండును ఎన్నిసార్లు ఎత్తితివని అచట ఎవ్వరును అడుగరు. ఎత్తితివా లేదా యనియే అడుగుదురు. ఒలింపిక్ క్రీడలలోని బరువులెత్తు పోటీయు ఇట్టిదే. రెండు విధములైన ఎత్తులు, ఒక్కొక్క విధమునకు మూడేసి అవకాశములు, ప్రతి అవకాశమునకు ఒకే ఎత్తు. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్స్‌లో స్త్రీలకు ఈ పోటీ మొట్టమొదటిసారి ఏర్పాటైనప్పుడు, శ్రీకాకుళము జిల్లాకు చెందిన శ్రీమతి కరణం మల్లీశ్వరి 69 కిలోగ్రాముల తరగతిలో ఒక విధమున 110, రెండవ విధమున 130, మొత్తము 240 కిలోగ్రాములెత్తి కాంస్యపతకము గెలిచిరి. ఒలింపిక్ పతకమందిన తొలి భారతీయ వనిత ఆమెయే. చివరి అవకాశమున ఆమె 137.5 కిలోగ్రాములకు సాహసించిరి గాని, అది నిలువలేదు. చూచువారికి కనబడునది కొన్ని క్షణముల ఎత్తు మాత్రమే. దాని వెనుకనున్న సంవత్సరముల సాధన, అంతకంటె తేలికయగు బరువులను వేలకొలదిసార్లు ఎత్తి దింపిన శ్రమ కంటికి కనబడదు. ఇంటి యంత్రము నెదుట నిలచిన యువకుడు మొట్టమొదట గ్రహింపవలసిన దిదియే.

ఈ ఒక్క ఎత్తును వైద్యశాస్త్రమునకు పరిచయము చేసినవారిలో ముఖ్యుడు థామస్ డిలోర్మ్ అను అమెరికన్ వైద్యుడు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆయన చికాగోలోని ఒక సైనిక వైద్యశాలలో పనిచేయుచుండెను. కాళ్ళకు గాయములై, నెలల తరబడి కదలక యుండుటచే తొడకండరములు కృశించిన సైనికులు ఆ వైద్యశాలలో కిక్కిరిసి యుండిరి. స్వల్పమైన బరువును అనేక పర్యాయములు ఎత్తించుట ఆనాటి చికిత్సాపద్ధతి. డిలోర్మ్ అట్లు చేయక, బరువును క్రమక్రమముగా పెంచుచు, ఎత్తు సంఖ్యను తగ్గించెను. తాను చిన్ననాట జబ్బుపడి, బరువులెత్తియే తిరిగి బలము పొందిన అనుభవము ఆయనకు కలదు. తన ఫలితములను ఆయన 1945లో ప్రకటించెను. రోగి పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువుతో సాధన చేయించుట, వారమునకొకసారి ఒక్కమారు ఎత్తగల బరువెంతో చూచుట ఆయన పద్ధతి. 1948లో ఆర్థర్ వాట్కిన్స్‌తో కలిసి దానిని మరింత సులభము చేసెను. పదిసార్లు ఎత్తగల బరువులో సగముతో ఒక వరుస, ముప్పాతికతో ఒక వరుస, పూర్తి బరువుతో ఒక వరుస, అంతటితో సరి. సాధన పది ఎత్తులతో, కొలత ఒక ఎత్తుతో అను ఈ విభజనను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

భారమైన బరువు బలమునెట్లు పెంచునో తెలియవలెనన్నచో శరీరములోపలికి చూడవలెను. కండరమనునది వేలకొలది తంతువుల కట్ట. వెన్నుపామునుండి వచ్చు ఒక్కొక్క నాడి కొన్ని తంతువులపై అధికారము చెలాయించును. కొన్ని నాడుల క్రింద తంతువులు కొలదిగ నుండును, కొన్నింటి క్రింద అధికముగ నుండును. చిన్న పనికి చిన్న దళములే కదలుననియు, పని కఠినమగు కొలది పెద్ద దళములు వరుసగా పిలువబడుననియు ఎల్వుడ్ హెన్నెమన్ అను అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1957లో నిరూపించెను. రథోత్సవమును తలచుకొనుడు. ఖాళీబండిని లాగుటకు ఇద్దరు చాలుదురు. రథము కదలవలెనన్నచో ఊరంతయు మోకులు పట్టవలెను. పట్టుటయే చాలదు, అందరును ఒక్క కేకతో ఒక్కసారి లాగవలెను. భారమైన ఎత్తు కండరములోని ఊరివారినందరిని మోకు దగ్గరకు పిలుచును. కొన్ని వారముల సాధనలో వారు వేగముగా వచ్చుటయు, ఒక్కసారిగా లాగుటయు అలవరచుకొందురు. అందుచేతనే క్రొత్తగా సాధన మొదలిడిన వానికి చేయి లావెక్కకముందే బలము పెరుగును.

దీనికి మిక్కిలి మనోహరమైన నిదర్శనము 1990లో బోస్టన్ నగరమునుండి వెలువడినది. అచటి ఒక వృద్ధాశ్రమమున నివసించుచున్న, సగటున 90 ఏండ్ల వయస్సు గల పదిమంది చేత వైద్యులు ఎనిమిది వారములపాటు తొడకండరములకు సాధన చేయించిరి. మొదట ఒక్కొక్కరు ఒక్కమారు ఎత్తగల బరువును కొలిచి, దానిలో నూటికి 50 పాళ్ళతో ప్రారంభించి, త్వరలోనే 80 పాళ్ళకు తెచ్చిరి. తొమ్మండుగురు సాధనను పూర్తి చేసిరి. వారి బలము సగటున నూటికి 174 పాళ్ళు పెరిగెను. తొడకండరపు పరిమాణము నూటికి 9 పాళ్ళు మాత్రమే పెరిగెను. ఆ రెండు సంఖ్యల నడుమ గల దూరమే నాడుల నేర్పు. ఇద్దరు చేతికఱ్ఱ విడిచి నడువగలిగిరి. చేతులు ఊనక కుర్చీనుండి లేవలేని ముగ్గురిలో ఒకరు లేవగలిగిరి.

ఈ చివరి మాట దగ్గర మేము కొంచెమాగెదము. తొంబది యేండ్ల వృద్ధునకు కుర్చీనుండి లేచుట యననేమి? తన దేహభారమును ఒక్కమారు ఎత్తుట. అది ఆయన శక్తికి నూటికి నూరుపాళ్ళ పరీక్ష. యువకునకు ఇనుపబిళ్ళలెట్టివో, ఇంటి పెద్దకు మంచము, మెట్లు, స్నానపు పీట అట్టివి. ఒక్క ఎత్తునకు చాలినంత బలము లేని నాడు మనిషి పరాధీనుడగును. కనుక ఈ విషయము కండలు చూపగోరు యువకులకు మాత్రమే సంబంధించినది కాదు. ఇంటిలోని ప్రతివారికిని సంబంధించినది.

ఇక యంత్రము సంగతి. వ్యాయామయంత్రములకు వైద్యమున గౌరవము తెచ్చినవాడు స్వీడన్ దేశపు వైద్యుడు గుస్తాఫ్ జాండర్. 1865లో ఆయన స్టాక్‌హోంలో స్థాపించిన సంస్థలో ఒక్కొక్క అవయవమునకు ఒక్కొక్క యంత్రమును నిర్మించెను. 1957లో అమెరికాలో హెరాల్డ్ జింకిన్ పలువురు ఏకకాలమున సాధన చేయదగిన బిళ్ళల యంత్రమును రూపొందించెను. 1970లో ఆర్థర్ జోన్స్ నత్తగుల్లను పోలిన చక్రమును ప్రవేశపెట్టెను. మోచేయి పూర్తిగ వంగినప్పుడు మనకు గల బలము వేరు, సగము చాచినప్పటి బలము వేరు. ఆ హెచ్చుతగ్గుల ననుసరించి ఆ చక్రము బరువు ప్రభావమును మార్చును. తరువాత ఇండ్లకు వచ్చిన కొన్ని యంత్రములలో బిళ్ళలే లేవు. వంగు కడ్డీలు, సాగు రబ్బరుపట్టీలు వాని స్థానమున నుండును. ఇటీవలి కొన్నింటిలో విద్యుచ్ఛక్తియే ఎదురుబలము నిచ్చుచున్నది.

యంత్రముపై వ్రాసిన సంఖ్య చేతిపై పడు భారము కాకపోవచ్చుననుట కొనినవారిలో అనేకులకు తెలియదు. నూతి గిలకను తలచుకొనుడు. పైన స్థిరముగా నున్న గిలక తాడు దిశను మాత్రమే మార్చును, బరువును తగ్గింపదు. తాడుతోపాటు తానును లేచు గిలక యున్నచో బరువు సగమగును, కాని రెండింతల తాడు లాగవలెను. మీ యింటి యంత్రమేదియో తెలిసికొనుటకు ఒక సులభమార్గము కలదు. ఒకరు పిడిని మెల్లగా ఒక మూర లాగవలెను. మరియొకరు దూరమున నిలచి బిళ్ళలెంత లేచెనో చూడవలెను. మూరకు మూర లేచినచో చేతిపై పూర్తి బరువు పడుచున్నట్లు. అరమూర మాత్రమే లేచినచో 50 కిలోగ్రాముల బిళ్ళలు చేతికి సుమారు 25 కిలోగ్రాములే. కడ్డీలు, పట్టీలు గల యంత్రములలో మొదట తేలికగను, చివరకు భారముగను ఉండును. ఒక్క సంఖ్య అంతటికిని వర్తింపదు. కావున ఒక యింటి యంత్రముపై ఎత్తిన సంఖ్యను పొరుగింటి సంఖ్యతో పోల్చి గర్వించుటయు, క్రుంగుటయు నిరర్థకము. నిన్నటి మన సంఖ్యతో నేటి మన సంఖ్యను, అదే యంత్రముపై పోల్చుకొనుటయే న్యాయము.

యంత్రమునకు గొప్ప గుణమొకటి కలదు. ఎత్తలేక విడిచినచో బరువు తన బిళ్ళలపైననే పడును; మెడపై గాని, రొమ్ముపై గాని పడదు. ఒంటరిగా సాధన చేయువానికి ఇది సామాన్యమైన రక్షణ కాదు. కాని దానికి తగిన లోపమును కలదు. యంత్రము కదలికకు దారి తానే చూపును గనుక, తూలకుండ నిలుచుట మనకు నేర్పదు. నిండు గ్యాసు సిలిండరు బరువు సుమారు 30 కిలోగ్రాములు. యంత్రముపై అంతకు రెట్టింపు నెట్టినవాడు కూడ సిలిండరును వంటింటిలోనికి మోసినప్పుడు నడుము పట్టించుకొనవచ్చును. అందుచేత యంత్రసాధనతోపాటు నిలుచుండి చేయు సాధనలు, మన బస్కీల వంటివి, మానరాదు.

ఇక ప్రమాదము సంగతి. 1985లో కెనడాలోని శాస్త్రజ్ఞులు 22 మొదలు 28 ఏండ్ల వయస్సు గల ఆరోగ్యవంతులగు ఐదుగురు వ్యాయామసాధకుల చేతిధమనిలో సన్నని గొట్టముంచి, వారు బరువులెత్తుచుండగా రక్తపు పోటును సూటిగా కొలిచిరి. విశ్రాంతిగా నున్న మనిషి పోటు సుమారు 120కి 80 అని మనమెరుగుదుము. రెండు కాళ్ళతో భారమును నెట్టునప్పుడు ఆ ఐదుగురి సగటు పోటు 320కి 250 వరకు పోయెను. వారిలో ఒకనికి 480కి 350 దాటెను. బిగిసిన కండరములు రక్తనాళములను నొక్కుటయు, ఊపిరి బిగబట్టుటచే రొమ్ములో ఒత్తిడి పెరుగుటయు ఇందుకు కారణములు. ఆరోగ్యముగల యువకుని రక్తనాళములు ఆ కొన్ని క్షణములను ఓర్చుకొనును. చాలకాలముగా రక్తపు పోటు ఉండియు దానిని ఎరుగని ఏబదియేండ్ల గృహస్థు విషయమున మాత్రము అట్టి ధీమా ఎవ్వరును ఇయ్యజాలరు.

ఊపిరి బిగబట్టుటను గురించి మనలో ఒక భ్రమ కలదు. ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో తన దేహబలముచే దేశమును ఆశ్చర్యపరచిన వీరఘట్టపు వీరుడు కోడి రామమూర్తి నాయుడుగారు వాయుస్తంభన విద్యకు కూడ ప్రసిద్ధులు. ఆ కీర్తి విన్నవారికి ఊపిరి పట్టుటయే బలమను తలంపు కలుగుట వింత కాదు. బిగించిన ఊపిరి నడుమును, మొండెమును స్తంభమువలె నిలుపుమాట నిజమే. పోటీలలో పాల్గొనువారు క్షణకాలము అట్లు చేయుదురు. అది చిరకాలము అభ్యసించినవారి పద్ధతి. యంత్రముపై కూర్చుండి, వీపు ఆనించి నెట్టువానికి ఆ స్తంభము యంత్రమే యిచ్చుచున్నది. అతడు బరువు నెట్టునప్పుడు ఊపిరి విడువవలెను, దింపునప్పుడు పీల్చవలెను. పైకి అంకెలు లెక్కించుచు నెట్టినచో ఊపిరి తనంతట తాను బయటికి వచ్చును.

రక్తపు పోటు 180కి 110 దాటి యున్నవారు, ఇటీవల గుండెనొప్పి వచ్చి యింకను నిలకడ పొందనివారు, గుండె కవాటమో, మహాధమనియో చెడినవారు వైద్యుడు అనుమతించువరకు బరువుల జోలికే పోరాదు. మధుమేహముచే కంటి లోపలి పొర దెబ్బతిన్నవారు, ఒక్కమారు ఎత్తగల బరువులో 80 పాళ్ళు మించిన సాధనలు చేయరాదని వైద్యుల హెచ్చరిక. హెర్నియా యున్నవారును వైద్యునడుగక మొదలిడరాదు. నలువది దాటినవారందరును మొదట పోటు కొలిపించుకొనుట మంచిది. అందుకు పట్టునది ఐదు నిమిషములు మాత్రమే.

ఇవి లేనివారు ఒక్క ఎత్తును ఎట్లు సాధింపవలెను? మొదటి రెండు మూడు నెలలు పది, పండ్రెండుసార్లు సుఖముగా ఎత్తగల బరువుతోనే గడపవలెను. కండరము త్వరగా బలపడును గాని, దానిని ఎముకకు బంధించు స్నాయువులు నెమ్మదిగా బలపడును. తరువాత కొన్ని వారములు ఐదారుసార్లు ఎత్తగల బరువు. ఆ పిమ్మటనే ఒక్క ఎత్తు. ఆనాడు కూడ సగము బరువుతో ఎనిమిదిసార్లు, ముప్పాతికతో మూడుసార్లు ఎత్తి దేహమును వేడెక్కించుకొని, ఎత్తుకు ఎత్తుకు నడుమ మూడు మొదలు ఐదు నిమిషములు ఆగవలెను. కండరమున తత్క్షణము వెచ్చించుటకు నిలువయున్న శక్తి కొన్ని సెకండ్లకే సరిపోవును. అది మరల నిండుటకు అంతకాలము పట్టును. బరువును కుదుపుతో లేపరాదు, ధనమని విడువరాదు. నడుము పీటనుండి లేచినను, ఊపిరి ఆగినను ఆ దినమునకు అదియే తుది. నూటికి నూరుపాళ్ళ బరువును పలుమారులు ఎత్తజూచుటకంటె, 85 మొదలు 90 పాళ్ళ బరువును చక్కగా ఒక్కొక్కసారి చొప్పున మూడు నాలుగు మారులు ఎత్తుట మేలు.

తన ఒక్క ఎత్తు ఎంతయో తెలిసికొనగోరువాడు నిజముగా ఎత్తియే తీరవలెనా? అక్కరలేదు. 1985లో ఎప్లే అను అమెరికన్ శిక్షకుడు ప్రచారము చేసిన ఒక చిన్న లెక్క కలదు. ఎత్తిన బరువును ఎత్తిన సంఖ్యచే గుణించి, 30తో భాగించి, వచ్చినదానిని ఆ బరువునకు కలుపవలెను. 30 కిలోగ్రాములను పదిసార్లు మాత్రమే ఎత్తగలిగినవాని ఒక్క ఎత్తు సుమారు 40 కిలోగ్రాములు. 36 కిలోగ్రాములను ఐదుసార్లు ఎత్తగలవానికి సుమారు 42. ఇది అంచనాయే గాని, ఇంటి అవసరములకు చాలును. ఈ లెక్క తెలిసినవారికి చీలను అట్టడుగునకు దింపవలసిన పని యుండదు. కండరము పెరుగుటకు తేలిక బరువైనను బాగుగ అలసటవచ్చువరకు ఎత్తినచో ఫలము దాదాపు సమానమే. ఒక్కమారు ఎత్తు బలము మాత్రము భారీ బరువులతోనే ఎక్కువగా పెరుగును. ఆ భారీ అనునది 80 పాళ్ళ దగ్గరనే మొదలగునని బోస్టన్ వృద్ధులు చూపినారు గదా.

యంత్రమున్న యింట మరి రెండు జాగ్రత్తలు తప్పవు. ఇనుపతాడు పోగులు విడుచుచున్నదేమో, మరలు సడలినవేమో నెలకొకసారి చూడవలెను. తెగు తాడు భారీ ఎత్తుననే తెగును. పిల్లల వ్రేళ్ళు బిళ్ళల నడుమ పడకుండ, పని ముగిసిన వెంటనే చీలను తీసి, వారికి అందని చోట నుంచవలెను.

పెద్దలందరును వారమునకు కనీసము రెండుదినములు కండరములకు బలమిచ్చు సాధన చేయవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో సూచించినది. ఇందుకు యంత్రము తప్పనిసరి కాదు. యంత్రము లేని యింట గట్టి కుర్చీయొకటి గోడకానించి, చేతులు రొమ్మున కట్టుకొని, ఊపిరి విడుచుచు మెల్లగా లేచి, మెల్లగా కూర్చుండుట ప్రారంభింపవచ్చును. ఒక్కసారి లేచుటయే కష్టమైనవారు కుర్చీపై దిండు వేసి ఎత్తు పెంచుకొనవలెను. బలము వచ్చిన కొలది దిండు పలుచన చేయవలెను. చీలను ఒక్కొక్క రంధ్రము దింపుటయు ఇదియే. యువకుడు తన యంత్రముపై ఎన్ని కిలోగ్రాములు ఎత్తెనో వ్రాసికొను పుస్తకముననే, తాతగారు దిండు లేకుండ ఏనాడు లేచిరో ఆ తేదీని కూడ వ్రాసినచో, ఆ యింటి యంత్రము కొన్న డబ్బు వృథా కాలేదని మేము భావించెదము.